ఎండకు లేవని చేతులు

మల్లన్నా,

నువ్వు పోయాక ఊళ్లో మొదటి ఎన్నిక మొన్న జరిగింది. నిన్ను రెండుసార్లు ఓడించిన సర్పంచ్ బసప్ప ఓడిపోయాడు!

మన ఊళ్లో చేతులెత్తే ఎన్నికే కదా. మొదటిసారి ఓడినప్పుడు నువ్వేమన్నావు? "చెల్లె, జనం నా దిక్కే ఉన్నరు. ఎండ మస్తుగ కొట్టింది, చేతులు లేవలే" అన్నావు. రెండోసారి తాండూరు నుంచి బండి మీద షామియానా తెప్పించి వేయించావు. మళ్లీ ఓడి, "నీడకు అందరికీ కునుకు పట్టింది, చేతులు లేవలే" అన్నావు. "జనాన్ని కసురుకోవడం మానుకో, అన్నా" అని నేనంటే, "నీకు రాజకీయం తెల్వది, ఊకో" అని నన్నే కసిరావు.

ఈ ఉదయం బసప్ప వచ్చి మన అరుగు మీద కూలబడ్డాడు. చాయ్ ఇచ్చాను. "అక్కా, జనం నా దిక్కే ఉన్నరు. మొన్న సలి జర ఎక్కువైంది. గొంగళ్లల్లకెళ్లి చేతులు బయటికి రాలే" అన్నాడు.

అచ్చం నువ్వే కూర్చుని మాట్లాడినట్టుంది. నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తి, అతనికి ఇంకో చాయ్ తెచ్చిచ్చాను.

పోయిన ఎండాకాలం నిన్ను మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లాం. పాడెకు బసప్పే ముందు భుజం పెట్టాడు. నువ్వు కసిరినవాళ్లు కూడా వచ్చి చేయి వేశారు. అంత ఎండలోనూ ఒక్క చెయ్యీ దిగలేదు.

చూసుంటే, "సూసినవా చెల్లె, గెలిచిన!" అనేవాడివి.