రూతు వట్టివేళ్ల సబ్బు

డిసెంబరు 23, 1998

క్రిస్మస్‌కి పంచే సబ్బులకి ఈరోజు కాగితాలు చుట్టాం. నెల కిందట మా తోట కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్లు పోసి, చేతులు పీకేదాకా కలిపింది నేను. మణికట్టు మీద కాలిన మచ్చ కూడా నాదే. తోటికోడలు రూతు చివర్లో వచ్చి, సగం సబ్బుల్లో వట్టివేళ్ల పొడి కలిపిందంతే.

పాస్టరమ్మగారు వాసన చూసి, "రూతమ్మా, నీ చేతిలో ఏదో ఉందమ్మా!" అన్నారు. అత్తయ్య మురిసిపోయారు. నావైపు చూడనైనా లేదు.

సాయంత్రం ఆ సబ్బొకటి కొంగు చాటున పట్టుకెళ్లి స్నానం చేశాను. ఆయన దగ్గరకొచ్చి, "వాసన బాగుందే! నువ్వు చేసిందేనా?" అన్నారు.

"అవునండి," అన్నాను.

అందులో అబద్ధమేముంది? మరి భోజనాల దగ్గర రూతు పక్కన కూర్చోవడానికి ఎందుకు భయపడ్డాను?