భీమిలిలో దిగినవాడు

తాతా,

నీ మూకీ సినిమా దొరికింది! ఇక లేదనుకున్న ఆ ప్రేమకథ రీళ్లు ఎవరి అటక మీదో బయటపడ్డాయట. బాగుచేసి ఇవాళ మన ద్వారకా నగర్‌లో వేశారు. నేను గంట ముందే వెళ్లి మొదటి వరసలో కూర్చున్నాను.

కుర్రతనంలో నువ్వు తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పిన సినిమా కదా! ఆ పిల్ల నువ్వన్నట్టే జడ ముందుకేసుకుని ఉంది. తగువు, ఉత్తరం చింపడం, అన్నీ ఉన్నాయి. ప్రతి సీనుకీ "ఇప్పుడు చూడండి" అంటూ పక్కవాళ్లని విసిగించేశాను.

చివరికి హీరో ఓడెక్కాడు. ఏ ఊరిదో తెలియని రేవులో ఆ పిల్ల నిలబడిపోయింది. నువ్వు వందసార్లు చెప్పిన భీమిలి సీను కోసం నేను కుర్చీ అంచుకి జరిగాను. ఓడ చిన్నదైపోయింది. అంతే, సినిమా అయిపోయింది!

ఆ సీనే లేదు తాతా. ఇన్నేళ్లూ నమ్మించేశావు! నవ్వాపుకోలేకపోయాను.

వెనక వరసలో ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, "అయితే ఆడు మరి రాడేటి?" అంది.

నాకు తెలియకుండానే వెళ్లి తెర పక్కన నిలబడ్డాను.

"రాకపోడమేటమ్మా! ఓడ భీవిలిలో ఆగింది. ఆడు దిగీసినాడు. ఇసకలో పడి నడుసుకుంటా వొచ్చీసినాడు. ఆ పిల్ల ఇంకా రేవులోనే ఉంది!"

అచ్చం నీ మాటలే. తెర మీద బొమ్మ లేదు, లైట్లు వేసేశారు. అయినా ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.