విమానం కింది పడవలు

అన్నయ్యా,

నువ్వు చనిపోయిన ఏడాది మేం బొమ్మల కొలువు పెట్టలేదు. ఈ దసరాకి మన చిక్కడపల్లి ఇంట్లో మళ్లీ మెట్లు కట్టి, బొమ్మల పెట్టె దించాను. అడుగున పాతగుడ్డలో నీ విమానం పడవలు రెండూ కనిపించాయి.

అశోక్ నగర్ పాత పుస్తకాల కొట్లో కొన్న పుస్తకంలో బొమ్మ చూసి, అట్టముక్కలతో నెల్లాళ్లు కూర్చుని చేశావు. మొదటి ప్రపంచయుద్ధం నాటి జర్మన్ యుద్ధవిమానం, సముద్రం మీద దిగుతుంది, అందుకే చక్రాల బదులు పడవలు అని చెబుతూనే ఉన్నావు. నేను వింటేగా! కొలువులో పెడితే అవి మెట్టు అంచు దాటి బయటికొస్తున్నాయని, స్టాండే కదా అనుకుని విరిచేశాను. నువ్వు అడిగితే, పనిచేసే యాదమ్మ దులుపుతుంటే విరిగిందన్నాను. నువ్వు ఆవిణ్ణి ఏమీ అనలేదు. మళ్లీ ఏ విమానమూ చెయ్యలేదు, అంతే.

నిన్న పేరంటానికి యాదమ్మ వచ్చింది. పని మానేసి చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులతోనే ముషీరాబాద్ నుంచి వచ్చింది. కొలువంతా చూసి, "బాబు చేసిన ఇమానం పెట్టలేదా అమ్మా?" అంది. "నా చేతులనే ఇరిగింది గద. ఎట్ల ఇరిగిందో ఇప్పటికీ యాదికొస్తలేదు. పాపం, నన్ను ఒక్క మాట గూడ అనకపాయె."

"ఉండు యాదమ్మా" అని లోపలికెళ్లి, పెట్టెలోంచి పడవలు తీసి పిడికిట్లో పట్టుకొచ్చాను. ఆ పిడికిలి కొంగు చాటున పెట్టుకున్నాను.

తాంబూలం రెండు చేతులతో ఇవ్వాలని అమ్మ నేర్పింది కదా. నేను ఒక్క చేత్తోనే ఇచ్చాను.