బాపు ఫోన్లో మంచిగనే ఉంటాడు

తమ్ముడు శ్రీధర్‌కు అక్క యశోద దీవెనలు.

భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి, బాపు బాగానే మాట్లాడుతున్నాడంటావు. నీతో ఆయన అనేది "మంచిగున్న" ఒక్కటే. నేను ఫోన్లో చెబుదామంటే బాపు పక్కనే ఉంటాడు కాబట్టి కార్డు రాస్తున్నాను. నిన్న మన బట్టల దుకాణంలో కత్తెర పేరు గుర్తురాక "గదే, బట్ట కోసేది ఏది?" అన్నాడు. నేనే దాచానని గిరాకీల ముందు తిట్టాడు. చివరికి అది ఆయన దిండు కిందే దొరికింది. విసుగొచ్చి నేనూ అరిచాను.

"మాట నోటిదాక వచ్చి పోతాంది బిడ్డా. తమ్మునికి చెప్పకు, దుకాణం బంద్ చేపిస్తడు" అన్నాడు.

ఆదివారం రా, వరంగల్ దవాఖానలో చూపిద్దాం. నేను పిలిస్తే "నాకేమైంది" అని కసురుతున్నాడు. మరదలు దీపకు నేను పంపిన చీర అందిందా? పిల్లలకు ముద్దులు. ఆయన ముందు మాత్రం దుకాణం మూసే మాట ఎత్తకు.