ఊగని కుడిచెయ్యి

బూసాన్, ఏప్రిల్ 2

పులుసన్నం కొట్టు ప్యో దాహేగారికి,

నేనెవరో మీకు తెలియదు. సియోల్ నుంచి వచ్చి, ఇక్కడి పెద్దాసుపత్రిలో కదలికల జబ్బుల మీద ఫెలోషిప్ చేస్తున్న నరాల డాక్టర్ని. మూడు రోజులుగా పొద్దున్నే పనికి వెళ్ళే మిమ్మల్ని గమనిస్తున్నాను. మీ కుడిచెయ్యి ఊగదు. అడుగులు పొట్టివి. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పరు, మనిషి మొత్తం తిరుగుతారు. మొహంలో నవ్వు లేదు. ఇంత చిన్న వయసులో ఇవి మంచి గుర్తులు కావు. కంగారుపడకుండా ఒకసారి వచ్చి చూపించుకోండి.

మీ క్షేమం కోరే,
డాక్టర్ బాంగ్ సంగ్యు

తా.క. వెంటపడ్డాననుకోకండి. ఎప్పుడూ ఇరవై అడుగులు వెనకే ఉన్నాను.

ఏప్రిల్ 4

డాక్టరుగారికి,

మర్యాదల పాఠం రాకముందే నేను బడి మానేశాను. సర్దుకోండి.

మీ ఉత్తరం మా యజమానురాలు విప్పింది. బజారందరికీ ఆవిడ పిన్నే. తింటున్నవాళ్ళ మధ్య నిలబడి గట్టిగా చదివింది. "నరాల జబ్బంట. రేపు ఎవరి నెత్తినో పులుసు పోస్తుంది" అని నా పళ్ళేలు లాక్కుని, వెల్లుల్లి ఒలవడానికి కూర్చోబెట్టింది. పదో తారీఖులోగా జబ్బేమీ లేదని కాగితం తేకపోతే వేరే పిల్లని పెట్టుకుంటుందట. నా నోటికాడ కూడు మీకేం అడ్డొచ్చింది? రేపే వస్తున్నా. కాగితం రాసిపెట్టండి.

ప్యో దాహే

తా.క. ఇరవై అడుగులు వెనక నడిచినవాడికి నా మొహంలో నవ్వు లేదని ఎలా తెలిసింది?

ఏప్రిల్ 6

దాహేగారికి,

నిన్న మా ఆరుగురు ఫెలోలూ మిమ్మల్ని పరీక్షించాం. ఆరు జబ్బుల పేర్లు తేలాయి, జాబితా జతచేశాను. వెనకనుంచి భుజాలు లాగితే ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తారు. మీరు స్తంభంలా నిలబడ్డారు, పడింది నేను. కాబట్టి ఏమీ లేదని రాయలేను. తొమ్మిదిన మా ప్రొఫెసరుగారు చూస్తారు. ఆయన మాటే ఖాయం. ఏడాదికి నాకు దొరికిన ఒకే ఒక్క అరుదైన రోగి మీరు, దయచేసి మానకండి.

బాంగ్ సంగ్యు

తా.క. చెయ్యి వణుకుతుందేమోనని నత్తగుల్లలా గీత గీయమన్నాం. చక్కగా గీశారు. దాని లోపల నా మొహం ఎందుకు?

ఏప్రిల్ 7

డాక్టరుగారికి,

ఒక కాగితం అడిగితే ఆరు రోగాలిచ్చారు. పిన్ని ఆరూ చదివి, ఇప్పుడు వెల్లుల్లి కూడా ముట్టుకోనివ్వడం లేదు. చేపలమ్మే అవ్వ పూటకో కషాయం పట్టుకొస్తోంది. నాకు లేని జబ్బు దాంతోనే వచ్చేట్టుంది. తొమ్మిదిన మధ్యాహ్నం వస్తా. వట్టి చేతుల్తో రాను.

దాహే

తా.క. పిన్ని కూడా వస్తోంది. మీ జాగ్రత్తలో మీరుండండి.

ఏప్రిల్ 9

దాహేగారికి,

ఇది గిన్నెల కోసం ఆగిన పిన్నిగారి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మీరు నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఏడు పళ్ళేల వేడి పులుసు పెట్టుకుని, కుడిచేత్తో అంచు పట్టుకుని నాలుగంతస్తుల మెట్లెక్కి వచ్చారు. చుక్క ఒలకలేదు. మీరు వెళ్ళాక ప్రొఫెసరుగారు రెండో గిన్నె ముగించి మా వైపు చూశారు.

"ఈ పిల్ల ఏం పని చేస్తుందో అడిగినవాడు మీలో ఎవడ్రా?"

ఆరుగురం గిన్నెల్లోకి చూశాం.

"ఇది జబ్బు కాదు నాయనా, పనితనం. రోజూ నెత్తిన మోసే బరువు దించినా, ఆ నడక ఒంట్లోంచి పోదు."

మీకు ఏ జబ్బూ లేదని ఆయన సంతకం చేసిన కాగితం ఇందులో ఉంది. పిన్నిగారు చదివి, రేపటినుంచి పళ్ళేలు మీవేనన్నారు.

మా సంగతే తేలలేదు. ఆరుగురం తలా ఒక వారం మీ దగ్గర పళ్ళేలు మోయాలట. మోయడం వచ్చిందని మీరు సంతకం పెడితేగాని మా ఫెలోషిప్ పూర్తి కాదట. సోమవారం నా వంతు. మొదట ఖాళీ గిన్నెలు ఇప్పించగలరు.

మీ శిష్యుడు,
సంగ్యు

తా.క. ఇంట్లో దిండుతో సాధన మొదలుపెట్టాను. ప్రస్తుతానికి దిండే గెలుస్తోంది.