యాదన్న పట్టిన గాలి

యాదన్నా,

నువ్వు ధ్రువపు మంచు లోతుల్లోంచి గాజు సీసాల్లో పట్టి తెచ్చిన పాత గాలి గుర్తుందా? అందులో మిగిలిన ఆఖరి సీసాను ఈరోజు మన ఉప్పల్ ల్యాబ్‌లో మెషిన్‌కి తగిలించాం. నువ్వు పోయాక దాన్ని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు.

పొద్దున్నుంచీ ఒకటే గుబులు. మూత రబ్బరు ఎండిపోయి, నాచారం ఫ్యాక్టరీల గాలి లోపలికి దూరి ఉంటే? మన తాతల కాలం నాటి గాలి అది. మళ్లీ వెళ్లి తేవడానికి నువ్వు లేవు.

"ఫికర్ జెయ్యకు అక్కా, అన్న బిగించిన మూత అది" అంటూ మన లింగం వాల్వ్ తిప్పాడు.

డాబా మీద మాకు సీసాలు నింపడం నేర్పేటప్పుడు నువ్వు ఊపిరి బిగపట్టేవాడివి. "మన ఊపిరి కలిసిందంటే కార్బన్ డయాక్సైడ్ లెక్కంత ఖరాబైతది" అనేవాడివి.

తెర మీద కార్బన్ డయాక్సైడ్ అంకె పెరుగుతూ పోయింది. మూత లీకై, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న ఇప్పటి గాలి కలిసిందా? లేక ఆ చలిలో ఆగలేక నువ్వే ఒక్కసారి ఊపిరి వదిలావా? వదిలి ఉంటే బాగుండునని, తప్పని తెలిసి కూడా, ఒక్క క్షణం అనుకున్నాను.

అంకె ఆగింది. మిగతా సీసాల లెక్కతో సరిపోయింది.

"సూసినవా అక్కా, మస్తు క్లీన్!" అన్నాడు లింగం.

అవునన్నా, శుభ్రంగా ఉంది. నీ ఊపిరి అందులో పిసరంత కూడా లేదు.