సర్దుకోవడానికి పట్టే సమయం

జూన్ 9, సోమవారం

పంపు మొదలైంది. ఇవాళ్టి నుంచి రోజూ కొంచెం కొంచెంగా ఎరువు సరస్సులో కలుస్తుంది. పొలాల నుంచీ ఊళ్ల నుంచీ ఇలాగే ఎరువులూ మురుగూ వచ్చిపడుతుంటే ఒక సరస్సు ఎంతవరకు తట్టుకుంటుంది, చేయి దాటిపోయే ముందు మనకేమైనా చెబుతుందా అన్నది చూడాలి. చెప్పగానే ఆపేయాలి. అదీ ప్లాన్.

ఒడ్డున ఒక్కటే ఇల్లు, లెంపి హౌతలది. ఎనభై దాటాయి. చుట్టూ ఆవిడ భూమే, సరేననకపోతే ప్రాజెక్టే లేదు. ఆకులు రాలేలోగా నీళ్లు ఎప్పట్లా చేసి అప్పజెబుతానని మాటిచ్చాను. శనివారం శనివారం సౌనా ఆవిరి గదిలో చెమట పట్టేదాకా కూర్చుని, ఆ వేడి మీదే సరస్సులోకి దూకడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. ఇక్కడి ఫిన్నిష్ ముసలివాళ్లంతా అంతే. మా అమ్మమ్మదీ ఆ దేశమే, ఆవిడా అంతే.

పంపు వైపు చూసి, నిక్షేపంలా ఉన్నదానికి జబ్బు తెప్పించి, లేస్తుందో లేదో చూసే డాక్టరువి నువ్వొక్కదానివేనమ్మా అంది.

జూన్ 28

నీళ్లు పచ్చబడ్డాయి. లెంపి దూకి, పైకొచ్చి, జుట్టు పిండుకుంటూ, రంగేయించుకోడానికి టౌనుకి వెళ్లే పని తప్పించావు డాక్టరమ్మా అంది. నవ్వాం. తర్వాత దగ్గింది, చాలాసేపు.

జూలై 14

అలసట. దేనివల్లో తెలీదు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు కడిగాను.

జూలై 19

గాలివాన వస్తే నీళ్లలో ఆక్సిజన్ చెదురుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. జూన్‌లో మర్నాటికల్లా సర్దుకునేది. మొన్న మంగళవారం వానకి చెదిరింది ఇవాళ్టికీ తేరుకోలేదు. తేరుకోవడం ఆలస్యమవడమే మేం వెతుకుతున్న గుర్తు. లేదా ఇదొక పాడు వారం, అంతే.

ప్రాజెక్టులో నా పార్ట్‌నర్ డెస్మండ్‌కి ఫోన్ చేశాను. యూనివర్సిటీలో కూర్చుని అన్నీ స్క్రీన్ మీదే చూస్తాడు. ఒక్క వానతో ఏం తేలుతుంది, ఇంకో రెండు వారాలు పోనీ, గ్రాఫ్ గట్టిగా నిలబడుతుంది, ఇప్పుడు ఆపితే మన చేతిలో మిగిలేది నీ భయమొక్కటే అన్నాడు. సరేనన్నాను.

గుర్తు కనబడగానే ఆపాలని రాసుకున్నాం. ఎంత కచ్చితంగా కనబడాలో రాసుకోలేదు.

ఇదివరకు డెస్మండ్ మాటలు సాయంత్రానికల్లా మర్చిపోయేదాన్ని.

జూలై 23, ఉదయం 5

మళ్లీ వాన. సెన్సర్ల గీత కిందికి జారి అక్కడే వేలాడుతోంది. పంపు ఆపేశాను. డెస్మండ్‌కి చెప్పలేదు. ఆపాక కూడా ఆ చప్పుడు చెవుల్లోనే ఉంది.

జూలై 24

చెప్పాను. అరవలేదు, అరిచినా బాగుండేది. నువ్వు ఆపేశావు కాబట్టి అది నిజంగా పడిపోయేదో కాదో ఇక ఎవరికీ తెలీదు, ఏమీ జరగలేదని పేపరెలా రాస్తాం అన్నాడు.

నిజమే.

ఆగస్టు 11

ఎరువు ఆగింది, పచ్చదనం ఆగలేదు. ఇంకా చిక్కబడింది. ఒడ్డున చిన్న చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. డెస్మండ్ మాట విని పోనిచ్చిన ఆ నాలుగు రోజులేనా కొంప ముంచింది? లేక ఏం చేసినా ఇంతేనా? పగలంతా పడవలో కూర్చుని ఇదే.

మొన్న శనివారం లెంపి సౌనా నుంచి వచ్చి గట్టు మీద నిలబడింది. నీళ్ల వైపు చూసింది. బకెట్‌తో బావి నీళ్లు పోసుకుని లోపలికెళ్లిపోయింది. జోకేమీ వేయలేదు. నేను పడవ తాడు విప్పుతున్నట్టు నటించాను.

సెప్టెంబర్ 6

నీళ్లెంత తేటగా ఉన్నాయో చూసే నలుపు తెలుపు పళ్లెం తాడుతో దింపితే నిన్నటికంటే లోతు దాకా కనబడింది. నమ్మలేదు. మళ్లీ దింపాను. మళ్లీ.

సెప్టెంబర్ 20

గురువారం పెద్ద గాలివాన. నిన్నటికల్లా సరస్సు సర్దుకుంది. పరుగున వెళ్లి లెంపికి చెప్పాను. కాఫీ పోసి, ఇంతకీ ఎంత దాకా వెళ్లి వెనక్కొచ్చింది అని అడిగింది. తెలీదన్నాను. వేసవంతా నా నీళ్లు పాడు చేసి, మళ్లీ బాగయ్యేదాకా కాపలా కాసి, చివరికి తెలుసుకున్నది తెలీదని, దీనికి నీకు పెన్షన్ కూడా ఇస్తారా అంది. ఆ వెక్కిరింపు వినగానే గుండె కుదుటపడింది.

ఆ దగ్గు మాత్రం ఆవిడని వదల్లేదు.

సాయంత్రం డెస్మండ్ ఫోన్. వచ్చే వేసవిలో మళ్లీ చేద్దాం, ఈసారి ఆపొద్దు, పడిపోయేదాకా పోద్దాం, అప్పుడే రుజువవుతుంది, ముసలావిడ నీ మాట కాదనదు, నువ్వే అడుగు అన్నాడు. కాదనదు. నాకూ తెలుసు.

అక్టోబర్ 3

ఆకులు రాలడం మొదలైంది. సౌనాకి రేపు నువ్వూ రా, పుస్తకాల్లోనే కాదు ఒంటితో కూడా నీళ్లెలా ఉన్నాయో చూద్దువు గాని అని లెంపి కబురు పంపింది. డెస్మండ్ మాట అడగడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదు.

అక్టోబర్ 4

అడగలేదు.

ఇద్దరం దూకాం. నేను ముందు తేలాను. లెంపి పైకి రావడానికి జూన్‌లో కంటే ఎక్కువ టైం పట్టింది. ఎంతని లెక్కపెట్టలేదు.